అమ్మేవాడి లెక్క, చేసేవాడి లెక్క

మీ వూళ్ళో సబ్బులూ, టీపొడీ, కొబ్బరినూనె సీసాలూ పంచే డిస్ట్రిబ్యూటరు గోడౌను ఏదైనా ఒకటి చూసుకోండి. నెలలో 5వ తారీఖున ఒకసారి, 29న ఒకసారి వెళ్ళి దాని ముందు ఓ అరగంట నిలబడండి. 5న హమాలీలు చెట్టు కింద కునికిపాట్లు పడుతుంటారు, గుమాస్తా పేపరు తిరగేస్తుంటాడు. 29న లారీ వెనక లారీ. దించే చోటు లేక సందు చివరిదాకా ఆగి వుంటాయి. గోడౌను నిండిపోయి అట్టపెట్టెలు వరండాలోకీ, వరండా నుంచి మేడమెట్ల కిందికీ వస్తాయి.

నెలాఖరున జనం ఎక్కువ స్నానాలు చేస్తారా? టీ ఎక్కువ తాగుతారా? జీతం డబ్బులు అడుగంటే రోజులవి, కొనేది తక్కువే. మరి సరుకెందుకు దిగుతున్నట్టు?

సంగతేమిటంటే, కంపెనీ పుస్తకాల్లో 'అమ్మకం' అంటే మీరూ నేనూ కొట్లో డబ్బిచ్చి కొన్నది కాదు. డిస్ట్రిబ్యూటరు పేర బిల్లు వేసింది. దీన్ని ప్రైమరీ అంటారు. డిస్ట్రిబ్యూటరు నుంచి కిరాణా కొట్టుకు పోయేది సెకండరీ. సేల్స్ ఆఫీసరుకు టార్గెట్టు ప్రైమరీ మీదే వుంటుంది చాలా చోట్ల. నెల మొదట్లో తొందరేమీ వుండదు. 20 దాటాక పై నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆయన వచ్చి డిస్ట్రిబ్యూటరు దగ్గర కూర్చుని, "అన్నా, ఈ నెల ఒక్కటీ ఆదుకో, వచ్చే నెల చూసుకుందాం, స్కీము కూడా ఇప్పిస్తా" అంటాడు. వచ్చే నెల మొదటి ఇరవై రోజులు డిస్ట్రిబ్యూటరు కొనడు. ఎందుకు కొంటాడు, మేడమెట్ల కింద సరుకుంటే? మళ్ళీ 29 వస్తుంది.

వినడానికి ఇదేదో సరదా కథలాగే వుంటుంది. కాని ఈ బిల్లుల అంకెలే ఫ్యాక్టరీకి చేరతాయి. అక్కడ మొదటి ఇరవై రోజులు మిషన్లు అరకొరగా తిరుగుతాయి, చివరి పది రోజులు రెండు షిఫ్టులు, ఓటీ, ఆదివారం పని. జనం వాడకం ఏడాదంతా ఇంచుమించు ఒకే తీరుగా వుంటే, ఆ సరుకు తయారుచేసే మనిషి జీవితం మాత్రం నెలకోసారి పొంగి నెలకోసారి ఎండుతుంది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

అమ్మేవాళ్ళూ చేసేవాళ్ళూ నెలకోసారి కూర్చుని ఒకే అంకెకు ఒప్పుకోవడానికి ఒక పద్ధతి వుంది. సేల్స్ అండ్ ఆపరేషన్స్ ప్లానింగ్ అంటారు. మన ఎం.బి.ఏ. వాళ్ళు ముద్దుగా ఎస్ అండ్ ఓపీ అంటారు. 1980ల మొదట్లో అమెరికాలో ఆలివర్ వైట్ సంస్థలో సలహాదారుగా పనిచేసిన రిచర్డ్ లింగ్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటికే అక్కడి ఫ్యాక్టరీలు కంప్యూటర్లు పెట్టి ఏ బోల్టు ఎప్పుడు కావాలో లెక్క కట్టడం నేర్చుకున్నాయి. తీరా చూస్తే పై నుంచి వచ్చే అమ్మకాల అంకె తప్పు. తప్పుడు అంకెకు బోల్టులు సరిగ్గా తెప్పించి ఏం లాభం? అందుకని పై అధికారులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే పద్ధతి పుట్టింది.

పద్ధతి చెప్పుకుంటే చాలా చిన్నది. నెల తిరగ్గానే పోయిన నెల నిజంగా ఎంత అమ్మాం, ఎంత చేశాం, ఎంత మిగిలింది అన్నది తేలుస్తారు. తర్వాత అమ్మకాల వాళ్ళు ముందు ఏడాదిన్నర దాకా నెలవారీగా ఎంత పోతుందో చెబుతారు. ఒక్కొక్క రకానికీ రంగుకూ కాదు, పెద్ద గుంపులుగా. ఫ్యాక్టరీ వాళ్ళు దానికి జవాబిస్తారు: ఇంత చేయగలం, ఇక్కడ అచ్చులు చాలవు, ఇక్కడ మోటార్లు దొరకవు, ఈ నెల్లో మనుషులు చాలరు. అకౌంట్స్ వాళ్ళు రెంటినీ రూపాయల్లోకి మారుస్తారు. పొసగని చోట రెండు మూడు దారులు, వాటి ఖర్చులు రాసుకుంటారు. చివరికి కంపెనీ పెద్ద కూర్చున్న సమావేశంలో ఒక దారి ఖాయం చేస్తారు. అక్కడి నుంచి అమ్మేవాడికీ, చేసేవాడికీ, ముడిసరుకు కొనేవాడికీ, బ్యాంకుకు వెళ్ళేవాడికీ ఒకటే అంకె. దగ్గర వారాల అంకెను ఇక కదిలించరు.

ఇంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మరి ఎందుకు జరగదు?

2025 వేసవిలో ప్రాజెక్టు పని మీద నేను ఎనిమిది వారాలు ఒక ఎయిర్ కూలర్ల ఫ్యాక్టరీలో తిరిగాను. పేరు అనవసరం. అంకెలు కూడా అసలువి చెప్పను, లెక్క తేలికగా వుండేలా గుండ్రంగా మార్చి చెబుతాను. ఏడాదికి నిజంగా పోయేది 1,20,000 కూలర్లు అనుకుందాం. సేల్స్ వాళ్ళు ఫ్యాక్టరీకి ఇచ్చిన కాగితం మీద 1,40,000 వుంది. అడిగితే, "ఫ్యాక్టరీ ఎప్పుడూ అడిగినంత ఇవ్వదండీ, అందుకని కొంచెం కలిపి అడుగుతాం" అన్నారు. ఫ్యాక్టరీ మేనేజరు సొరుగులో ఇంకో కాగితం వుంది, దాని మీద 1,10,000. ఆయన్నడిగితే, "సేల్స్ వాళ్ళు ఎప్పుడూ ఎక్కువే చెబుతారు బాబూ, మిగిలితే నా నెత్తికి చుడతారు" అన్నాడు. బడ్జెట్టులో 1,30,000. ఎందుకంటే పోయినేటి మీద ఇంత శాతం పెరగాలని పై వాళ్ళు అనుకున్నారు కనుక. ఒకే ప్రహరీ లోపల మూడు అంకెలు. అబద్ధాల కోరు ఎవరూ లేరు. పక్కవాడు అబద్ధమాడతాడని ప్రతివాడికీ నమ్మకం, అంతే.

కూలర్ల వ్యాపారంలో గమ్మత్తు ఏమిటంటే సరుకంతా ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలల్లో పోవాలి. మన 1,20,000లో ఆ నాలుగు నెలల్లో లక్ష పోయి, మిగతా ఎనిమిది నెలల్లో 20,000 పోతాయనుకోండి. ఫ్యాక్టరీ ముందు రెండు దారులున్నాయి. ఏడాది పొడుగునా నెలకు 10,000 చొప్పున చేసుకుంటూ పోవడం ఒకటి. జూన్ నుంచి జనవరి దాకా 80,000 చేసి, 20,000 అమ్మి, జనవరి ఆఖరుకు 60,000 కూలర్లు నిలవ పెట్టుకోవాలి. ఒక్కోదానికి 4,000 ఖర్చయితే 24 కోట్లు గోడౌన్లో కూర్చున్నట్టు. వడ్డీ ఒకటా? కూలరంటే లోపల ఖాళీ వున్న పెద్ద డబ్బా. గాలిని దాచిపెట్టడానికి అద్దె కట్టాలి.

రెండో దారి: ఎప్పటికి కావలసింది అప్పటికి చేయడం. ఎనిమిది నెలలు నెలకు 2,500, నాలుగు నెలలు నెలకు 25,000. నిలవ వుండదు, వడ్డీ వుండదు. కాని ఒక నెలకూ ఇంకో నెలకూ పదిరెట్ల తేడా. ఆ తేడా ఎవరు? మనుషులు. జనవరి ఆఖరుకు వందలాది మందిని తెచ్చుకోవాలి, మే ఆఖరుకు పంపించేయాలి.

నిజానికి ఏ కంపెనీ అయినా ఈ రెంటికీ మధ్య ఎక్కడో నిలబడుతుంది. ఎక్కడ నిలబడాలన్నదే ఆ సమావేశంలో తేలవలసిన అసలు ప్రశ్న. దీన్ని మొదట గణితంలో పెట్టినవాళ్ళు సామాన్యులు కారు. అమెరికాలో కార్నెగీ విద్యాసంస్థలో హోల్ట్, మొడిగ్లియాని, మ్యూత్, సైమన్ అనే నలుగురు 1950లలో ఒక పెయింట్ల ఫ్యాక్టరీ లెక్కలు దగ్గర పెట్టుకుని ఈ పని చేశారు. 1960లో పుస్తకంగా వేశారు. వారిలో సైమన్‌కు 1978లో, మొడిగ్లియానికి 1985లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి, వేరే పనులకు లెండి. ఆ పెయింట్ల సమీకరణంలో నాలుగు ఖర్చులుంటాయి: మామూలు జీతాలు, ఓటీ, నిలవ సరుకు ఖర్చు, మనుషుల్ని తీసుకోవడానికీ తీసేయడానికీ అయ్యే ఖర్చు. నాలుగూ కలిపి ఎక్కడ తక్కువవుతుందో అక్కడ నిలబడమంటుంది లెక్క.

ఆపరేషన్స్ రీసెర్చి పేపరుకు ఇలాంటి లెక్క మనమంతా బట్టీ పట్టినవాళ్ళమే. దాన్ని ఒకసారి కాంట్రాక్టు కూలీల ఫ్యాక్టరీ పక్కన పెట్టి చూడండి. జీతం కంపెనీది కాదు, కాంట్రాక్టరు బిల్లు. తీసేస్తే పరిహారం లేదు, నోటీసు లేదు, "రేపట్నుంచి రావద్దని చెప్పు" అంటే సరిపోతుంది. అంటే నాలుగో ఖర్చు దాదాపు సున్నా. సున్నా పెట్టి లెక్క కడితే సమీకరణం ఏం చెబుతుంది? నిలవ పెట్టకు, మనుషుల్ని ఆడించు అంటుంది. అందులో గణితం తప్పేమీ లేదు. సున్నా పెట్టిన చెయ్యి ఎవరిదన్నదే నా ప్రశ్న. తీసేసిన కుర్రవాడి ఖర్చు మాయమైపోలేదు. గది అద్దె, వూరికి బస్సు చార్జి, మూడు నెలల అప్పు, ఇవన్నీ వున్నాయి. కాకపోతే కంపెనీ పుస్తకంలో లేవు.

కంపెనీ పుస్తకంలో కూడా ఆ సున్నా నిజం కాదు. నేను చూసిన ఫ్యాక్టరీలో సీజను ముందు కొత్తవాళ్ళు దిగిన మొదటి మూడు వారాల్లో మోల్డింగులో పగుళ్ళు, వైరింగులో తప్పులు పెరుగుతాయని లైను సూపర్‌వైజరు చెప్పాడు. అవన్నీ 'స్క్రాప్' అనే పద్దు కింద పోతాయి. పనివాణ్ణి తీసేసినందుకు అయిన ఖర్చని ఎవరూ రాయరు. పాతవాడు వుండి వుంటే ఆ పగులు రాదన్నది సూపర్‌వైజరుకు తెలుసు, మిషనుకు తెలుసు, సమావేశం బల్ల దగ్గరికి మాత్రం రాలేదు.

ఇక టార్గెట్టు సంగతి. మన కంపెనీల్లో ఈ పద్ధతిని చంపుతున్నది కంప్యూటర్లు లేకపోవడం కాదు. జరగాలని కోరుకునే అంకెనూ, జరుగుతుందని నమ్మే అంకెనూ ఒకే గడిలో రాయడం. 1,30,000 అమ్మాలని సేల్స్ మేనేజరు మీద పెట్టారు. "నిజంగా ఎంత పోతుందయ్యా?" అని అడిగితే ఆయన 1,15,000 అని చెప్పగలడా? చెబితే టార్గెట్టు మీద నమ్మకం లేనివాడు అని ముద్ర. కాబట్టి 1,30,000 పోతాయనే చెబుతాడు. దానికి ఫ్యాక్టరీ మోటార్లు కొంటుంది, బ్యాంకులో పరిమితి పెంచుకుంటుంది. కోరిక కోరికగా వుండొచ్చు, దాంతో పేచీ లేదు. పెళ్ళికి వెయ్యిమంది రావాలని పెళ్ళికూతురి తండ్రి కోరుకోవచ్చు. వంటవాడికి మాత్రం ఎంతమంది వస్తారో చెప్పాలి గదా.

దీనికి తోడు మార్చి 31. మన ఆర్థిక సంవత్సరం కూలర్ల సీజనును సరిగ్గా నడిమికి కోస్తుంది. ఈ ఏటి టార్గెట్టు చేరాలని మార్చి ఆఖరు వారంలో డీలర్లకు దొరికినంతా ఎక్కిస్తారు. ఏప్రిల్లో ఎండలు మండుతుంటే కొత్త ఇండెంట్లు రావు, ఎందుకంటే డీలరు పాత సరుకు అమ్ముకుంటున్నాడు. అది చూసి ఫ్యాక్టరీలో "సీజను మందంగా వుంది" అని చేయి బిగిస్తారు. బడ్జెట్టు కాగితం మార్చితో ఆగిపోతే ఇదే జరుగుతుంది. ఏడాదిన్నర ముందుకు చూడమని ఆ పద్ధతి చెప్పింది వూరికే కాదు.

డీలరు ఇండెంటు చూసి గిరాకీని వూహించడం ఎంత ప్రమాదమో 1958 లోనే ఎం.ఐ.టి. లోని జే ఫారెస్టరు రాశాడు. కొట్లో గిరాకీ కాస్త కదిలితే హోల్‌సేలరు దగ్గర అంతకన్న ఎక్కువ కదులుతుంది, ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి వూగిపోతుంది. తర్వాతి రోజుల్లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళు పసిపిల్లల డయాపర్ల విషయంలో దీన్నే గమనించారు. పసిపిల్లలు ఏ నెలకా నెల ఒకే తీరుగా తడుపుతారు, కాని కంపెనీకి వచ్చే ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవట! ఎం.ఐ.టి. విద్యార్థుల కోసం ఇదే సంగతి మీద బీరు పంపిణీ ఆట ఒకటి వుంది. కొట్టువాడు, హోల్‌సేలరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాక్టరీ అని నలుగురు ఆడతారు, మాట్లాడుకోకూడదు. గిరాకీ ఒక్కసారి మాత్రమే మారుతుంది. అయినా పది పన్నెండు వారాలు తిరిగేసరికి ఒకరి మీదొకరు అరుచుకుంటారు. బీరు పేరు పెడితే ప్రిన్సిపాలుగారు ఒప్పుకోరేమోగాని, మజ్జిగ ప్యాకెట్లని పేరు మార్చి మన సెమినారు హాల్లో ఒకసారి ఆడి చూడవచ్చు. యూనియను కొత్త కార్యవర్గం వాళ్ళకు ఇది నా మనవి.

"కంప్యూటరు వస్తే ఇవన్నీ పోతాయి" అనే మిత్రులకు ఒక్క సంగతి. 2001 నాటికి సిస్కో అనే నెట్‌వర్కు పరికరాల కంపెనీ ప్రపంచంలో అందరికన్న గొప్ప ఆర్డర్ల కంప్యూటరు వ్యవస్థ తనదని పేరు తెచ్చుకుంది. ఏ రోజు లెక్కలు ఆ రోజే తేలేవి. సరుకు కొరతగా వుందని కొనుగోలుదార్లు ఒకే అవసరానికి రెండు మూడు చోట్ల ఆర్డర్లు పెడుతుంటే, కంప్యూటరు వాటన్నిటినీ నిజమైన గిరాకీగానే చూసింది. టెలిఫోను కంపెనీలు చతికిలపడ్డాయి, ఆర్డర్లు ఆవిరైపోయాయి. 2001లో సిస్కో 225 కోట్ల డాలర్ల సరుకును పనికిరానిదిగా కొట్టివేసింది. దాదాపు 8,500 ఉద్యోగాలు పోయాయి. కంప్యూటరు ఏం చేస్తుంది పాపం, చెప్పిన అంకెను వేగంగా చేరవేస్తుంది.

ఇక్కడ ఎదుటి పక్షం మాట కూడా వినాలి. "బజారు ఎవరి చేతిలో వుంది? వాన వస్తే కూలరెవడు కొంటాడు?" అని ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు నన్నే అడిగాడు. న్యాయమే. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళ తీరాన్ని తాకాయి. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే మొదలు. మేలోనే వానలు పడి ఏసీలూ, కూలర్లూ, కూల్‌డ్రింకులూ అమ్మేవాళ్ళందరి మొహాలూ వాడిపోయాయి. వానను ఏ సమావేశమూ ఆపలేదు. కాని వాన వస్తే ఏం చేద్దాం అన్నది ఫిబ్రవరిలోనే మాట్లాడుకోవచ్చు. సరుకు మిగిలితే ఎంతవరకు మనం మోద్దాం, డీలరు దగ్గర ఎంత వెనక్కి తీసుకుందాం, మోటార్ల ఆర్డరు ఏ తేదీలోగా ఆపొచ్చు, మనుషుల్ని ఎన్నాళ్ళు వుంచుదాం? ఈ నాలుగు ప్రశ్నలూ ముందు వేసుకోనివాడికి జూన్ ఒకటిన ఒకటే జవాబు మిగులుతుంది.

అందరూ వాన మీదకే నెట్టలేరు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 వాహనాలే తయారవాలని కంపెనీలకు ముందే తెలుసు. పాత బీఎస్-3 బళ్ళు తయారు చేయకూడదు గాని, చేసినవి అమ్ముకోవచ్చునని వాళ్ళు అనుకున్నారు. అంతకు ముందు అలాగే జరిగింది కూడా. మార్చి 29న సుప్రీంకోర్టు అమ్మకమూ కుదరదంది. అప్పటికి అమ్ముడుపోకుండా వున్న బళ్ళు 8.24 లక్షలు, అందులో 6.71 లక్షలు మోటారు సైకిళ్ళూ, స్కూటర్లూ. ఆ రెండు రోజులూ షోరూముల ముందు తిరునాళ్ళే! వేలకు వేలు తగ్గించి అమ్మారు. తేదీ గోడ మీద రాసి వున్నా చివరి నెలదాకా బిల్లులు కొట్టడం మానలేని అలవాటును ఏమనాలి?

అన్నిటికన్న నా మనసుకు పట్టింది చిత్తూరు జిల్లా మామిడి. తోతాపురి కాయ జూన్, జూలైల్లో ఒక్కసారిగా వస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీలు ఆ కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా గుజ్జు తీసి డ్రమ్ముల్లో దాచాలి. ఆ గుజ్జు కొనేది మామిడి రసం సీసాలమ్మే పెద్ద కంపెనీలు, కొంత విదేశాలు. అంటే ఏడాది మొత్తానికి ఎంత అన్న నిర్ణయం ఒక్కసారే తీసుకోవాలి. నెలనెలా దిద్దుకునే వీలు లేదు. ఇలాంటిచోట అమ్మకాల అంకె తప్పితే ఆ తప్పు డ్రమ్ముల్లో కూర్చుని మరుసటేడు కాయ కోతదాకా ఎదురుచూస్తుంది. 2025లో అదే జరిగింది. పోయినేటి గుజ్జు ఇంకా మిగిలి వుందని ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కేలా ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీ గేటు ముందు రోజుల తరబడి ట్రాక్టర్ల బారులు.

ఆ బారులో ట్రాక్టరు మీద కూర్చున్న రైతుకు ఏ కంపెనీలో ఏ సమావేశంలో ఎవరు ఏ అంకె చెప్పారో తెలియదు. నా కూలర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కుర్రవాడికీ తెలియదు. మెట్ల కింద సరుకు పెట్టుకున్న డిస్ట్రిబ్యూటరుకు మాత్రం కొంచెం తెలుసు, ఎందుకంటే అతను అప్పుడప్పుడు స్కీము అడిగి వసూలు చేసుకోగలడు. బల్ల దగ్గర ఇద్దరికి పొసగకపోతే నష్టం బల్ల దగ్గర ఆగదు. నోరులేనివాడు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ కిందికి పోతుంది. అందుకే ఇది మేనేజిమెంటు వాళ్ళ సొంత గొడవ అని నేననుకోను.

ఈ కాలేజీ నుంచి ఏటా కొందరు సేల్స్‌లోకి పోతారు, కొందరు ప్రొడక్షన్లోకి, కొందరు అకౌంట్స్‌లోకి. అంటే ఆ బల్ల చుట్టూ కూర్చునేది మనమే. కనీసం రెండు పనులు అడగొచ్చు. టార్గెట్టుకు ఒక గడి, నమ్మే అంకెకు వేరే గడి పెట్టమనాలి. తక్కువ చెప్పినవాణ్ణి కాక, తప్పు చెప్పినవాణ్ణి అడగాలి. రెండోది, పంపించేయబోయే మనుషుల సంఖ్యను కూడా ఆ కాగితం మీద ఒక వరుసలో రాయమనాలి. నిలవ వున్న కూలర్లకు వరుస వుంది, మోటార్లకు వుంది, అట్టపెట్టెలకు వుంది. మనుషులకు లేదు. వరుస పెట్టినంత మాత్రాన ఎవరూ వుద్యోగంలో వుండిపోరని నాకూ తెలుసు. కాని రాసిన అంకెను పైకి చదవాలి. చదివితే ఎవరో ఒకరు "జూలైలో వీళ్ళచేత సర్వీసింగు పని చేయించుకోవచ్చు గదా", "ఫిబ్రవరికి ఎలాగూ కావాలి, సగం మందినైనా వుంచుదామా" అని అడగడానికి సందు దొరుకుతుంది. రాయని అంకె మీద ఎవరూ ఏమీ అడగరు.

జూన్ మొదటి వారంలో నేను వెళ్ళేసరికి ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు లేదు. ప్యాడ్లు బిగించే లైన్లో నాతో రోజూ టీ తాగే పాలమూరు కుర్రవాడు గేటు దగ్గర సంచీతో నిలబడి వున్నాడు, కాంట్రాక్టరు దగ్గర నాలుగు రోజుల కూలి రావాలని. "మళ్ళెప్పుడు వస్తవ్?" అన్నాను. "పిలుస్తరన్నా, దసరా అయినంక" అన్నాడు. పిలుస్తారని అతనికి అనుమానమే లేదు. అది తెలిసిన ఫ్యాక్టరీకి మాత్రం అక్టోబరులో ఎంతమంది కావాలో జూన్‌లో తెలియదట!

నా రిపోర్టులో ఆ వరుస ఒకటి గీసి ఇచ్చాను. జనరల్ మేనేజరు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. మంచి మనిషి. "బాగానే వుందయ్యా, అందర్నీ పిలిచి ఒకసారి మాట్లాడదాం" అన్నారు. జూన్ 28న సమావేశమని నోటీసు పెట్టారు. ఫ్యాక్టరీ మేనేజరు వచ్చారు, స్టోర్సు వాళ్ళొచ్చారు, అకౌంట్స్ నుంచి ఇద్దరొచ్చారు. నెలాఖరు కదా, సేల్స్ వాళ్ళెవరూ రాలేదు.